మిస్డ్ కాల్ పెట్టిన దర్బారు: ఆదివాసీ గొంతు అంతర్జాలానికి ఎక్కిన కథ

ఈ సంచిక తెరిచిన అన్నలకు, అక్కలకు, పెద్దలకు జై సేవా.

మన గోండు ఇళ్లలో, సభల్లో ఒకరికొకరు ఎదురుపడగానే నోటికి వచ్చే మాట ఇది. ఇప్పుడు ఫోన్ ఎత్తినా, వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే పలకరించుకున్నా ఇదే మాట. పలకరింపులోనే సేవను పెట్టుకున్న జాతి మనది. ఫోన్లు, వెబ్‌సైట్లు వచ్చిన తర్వాత ఆ సేవ ఏ రూపం తీసుకుంది, ఎవరికి అందింది, ఎక్కడ ఆగిపోయింది అని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవాలి. ఈ-సంచిక తెచ్చుకునే దాకా వచ్చిన మనకు ఈ దారి వేసినవాళ్ల సంగతి తెలిసి ఉండాలి.

ఇంటర్నెట్‌లో సాయం అనగానే జబ్బు చేసిన బిడ్డ ఫొటో, దాని కింద ఒక క్యూఆర్ కోడ్ గుర్తుకొస్తాయి. అదీ సాయమే, కాదనను. కానీ మధ్య భారతంలోని ఆదివాసీ ఊళ్లకు ఇంటర్నెట్ చేసిన పెద్ద మేలు డబ్బు రూపంలో రాలేదు. తన కష్టాన్ని తన భాషలో చెప్పుకోవడానికి ఒక చోటు దొరికింది. దాన్ని విని, ఫోన్ తీసి అధికారిని అడగడానికి ఎక్కడో ఒక మనిషి దొరికాడు. ఆ చరిత్రే ఈ వ్యాసం.

కేస్లాపూర్ దర్బారు నుంచి

ఈ కథను కంప్యూటర్ దగ్గర మొదలుపెట్టడం సరికాదు. మనకు అంతకు ముందే మన ఏర్పాట్లు ఉన్నాయి. గోత్రాల పుట్టుపూర్వోత్తరాలు, దేవుళ్ల కథలు, రాజుల గాథలు పర్ధాన్ల నోట, వాళ్ల కిక్రి తీగల మీద నిలిచాయి. పర్ధాన్ కుటుంబానికి గోండు కుటుంబాలు ధాన్యమో, పశువో, బట్టలో ఇచ్చి పోషించేవి. వాళ్లు జ్ఞాపకాన్ని కాపాడేవారు, మనం వాళ్ల కడుపు చూసేవాళ్లం. ఊళ్లో పట్లా, నలుగురు పెద్దలు కూర్చుని తగవు తీర్చేవారు. ఆ పద్ధతే తర్వాతి కాలంలో రాయ్ సెంటర్ల రూపంలో, సార్మేడీల పెద్దరికంలో నిలిచింది. ఇల్లు కట్టుకోవాలన్నా, పెళ్లి చేయాలన్నా, చావు వచ్చినా పక్కింటివాడు చేయి వేయడం మామూలు. ఎవరూ దాన్ని దానం అనలేదు.

చిక్కు వచ్చింది ఊరి బయట. అడవి రిజర్వు అయింది, భూమి పట్టా మరొకరి పేరున పడింది, అధికారి మాట్లాడే భాష ఉర్దూ, మరాఠీ, తెలుగు. గోండీలో చెప్పుకుంటే వినేవాడు లేడు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక గానీ నిజాం ప్రభుత్వానికి ఈ అడవుల్లో ఏం జరుగుతోందో తెలుసుకోవాలని అనిపించలేదు. అప్పుడు వచ్చినవాడే మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ హైమెన్‌డార్ఫ్. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు, గోండీ నేర్చుకున్నాడు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు తయారయ్యాయి. అప్పట్లో మనవాళ్లకు మరాఠీ చదువు పరిచయం కాబట్టి వాటిని దేవనాగరి లిపిలో అచ్చు వేశారు. రెవెన్యూ అధికారిగా పనిచేసిన సేతు మాధవరావు గోండీకి వ్యాకరణమే రాశారు.

హైమెన్‌డార్ఫ్ చేసిన పనుల్లో ఈ రోజుకీ కళ్ల ముందు కనిపించేది కేస్లాపూర్ నాగోబా జాతరలో జరిగే దర్బారు. పుష్య అమావాస్యకు మెస్రం వంశస్థులు కాలినడకన తెచ్చిన గోదావరి జలంతో పూజలు జరుగుతాయి. ఎక్కడెక్కడి నుంచో జనం చేరుతారు. ఆదివాసీ దగ్గరికి అధికారి రావడం లేదు, అధికారి దగ్గరికి ఆదివాసీ పోలేడు. ఇద్దరూ ఒక చోట కలిసే రోజు ఇదొక్కటే అని చూసి, 1940ల్లో ఆయన ఈ దర్బారుకు నాంది పలికాడు. కష్టం ఉన్నవాడు నిలబడి చెప్తాడు. అధికారి అందరి ముందూ వింటాడు. అందరూ విన్నారు కాబట్టి తర్వాత ‘నాకు తెలియదు’ అనడానికి వీల్లేదు. దర్బారు బలం అక్కడే ఉంది.

కానీ అది ఏడాదికి ఒక్క రోజు. మిగిలిన రోజుల్లో ఆకలికి, అప్పుకు, అడవి కేసుకు దర్బారు లేదు. చెప్పుకోవడానికి చోటు లేనప్పుడు ఏమవుతుందో 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో చూశాం. భూమి సమస్యల మీద సభకు వచ్చిన జనం మీద కాల్పులు జరిగాయి. ప్రభుత్వ లెక్క 13 మంది. ఆ లెక్కను మన ఊళ్లు ఇప్పటికీ ఒప్పుకోవు. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ల మాట అప్పటికప్పుడు బయటి ప్రపంచానికి వారి గొంతుతోనే చేరే దారి ఒకటి ఉండి ఉంటే, ఇన్నేళ్ల తర్వాత కూడా లెక్క దగ్గరే వాదన నిలిచి ఉండేది కాదేమో.

వెబ్‌లో దానం మొదలైన తీరు

ఇక వెబ్ సంగతికి వద్దాం. 1999 జూన్‌లో అమెరికాకు చెందిన జాన్ బ్రీన్ అనే ఆయన ‘హంగర్ సైట్’ అనే వెబ్‌సైట్ పెట్టాడు. చూసేవాళ్లు ఒక బటన్ నొక్కితే చాలు. ఆ పేజీలో ప్రకటనలు వేసిన కంపెనీలు ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమానికి కొంత తిండి గింజల ఖర్చు ఇచ్చేవి. పైసా ఖర్చు లేకుండా సాయం చేయవచ్చన్న ఆలోచన అప్పుడు కొత్త. మన దేశంలో 2000లో గివ్ ఇండియా వచ్చింది. లెక్కలు సరిగా చూపే సంస్థల జాబితా పెట్టి, ఎక్కడో ఉద్యోగం చేసుకునేవాళ్లు కూడా ఇంటి నుంచే విరాళం ఇచ్చే వీలు కల్పించింది. ఆ తర్వాత మిలాప్, కెట్టో వంటివి వచ్చాయి.

విపత్తులు వచ్చినప్పుడు ఇంకో రకం సాయం పుట్టింది. 2010లో హైతీ భూకంపం తర్వాత ప్రపంచం నలుమూలల నుంచి వాలంటీర్లు ఉపగ్రహ చిత్రాలు చూసుకుంటూ ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో వీధులు, ఇళ్లు గీశారు. సహాయ బృందాలు ఆ మ్యాపులు పట్టుకుని వెళ్లాయి. 2018 కేరళ వరదల్లో కేరళ రెస్క్యూ వెబ్‌సైట్‌ను వాలంటీర్లు, ప్రభుత్వ ఐటీ మిషన్ కలిసి నడిపారు. ఫలానా ఇంటి పైకప్పు మీద ఇంతమంది ఉన్నారని ఎవరైనా రాస్తే పడవ ఆ వైపు వెళ్లేది.

ఇవన్నీ మెచ్చుకోవలసిన పనులే. అయితే వీటన్నిటికీ కావలసినవి మూడున్నాయి: చదవడం రాయడం రావాలి, వెబ్‌లో ఉన్న భాష రావాలి, చేతిలో ఇంటర్నెట్ ఉండాలి. అడవి అంచు ఊళ్లలో 2010 నాటికి ఈ మూడూ లేవు. ఇంగ్లీషు సరే, హిందీ, తెలుగు కూడా రాయలేని తల్లి తన ఊరి బోరింగు పాడైందని ఏ వెబ్‌సైట్‌లో రాస్తుంది? దాతలు ఉన్నారు, వెబ్‌సైట్లు ఉన్నాయి, అవసరం ఉన్న మనిషి మాత్రం తలుపు బయటే ఉన్నాడు. అతని తరఫున ఎవరో మాట్లాడేవారు, ఎవరో ఫొటో తీసేవారు.

సీజీనెట్ స్వర

ఆ తలుపు తెరిచిన ప్రయత్నం పొరుగున ఛత్తీస్‌గఢ్‌లో జరిగింది. బీబీసీలో పనిచేసిన శుభ్రాంశు చౌధరి అనే పాత్రికేయుడు ఉద్యోగం వదిలి సొంత ప్రాంతానికి తిరిగి వచ్చారు. 2004లో కొంతమందితో కలిసి సీజీనెట్ అనే ఆన్‌లైన్ బృందం మొదలుపెట్టారు. సీజీ అంటే ఛత్తీస్‌గఢ్ అని చాలామంది అనుకుంటారు. అది ‘సెంట్రల్ గోండ్వానా’. రాష్ట్రాల సరిహద్దులు పక్కన పెట్టి, గోండు మాట వినిపించే నేల మొత్తాన్నీ ఒక్కటిగా చూసిన పేరు అది. మన ఆదిలాబాద్ కూడా ఆ నేలలోనిదే.

మొదటి ఏళ్లలో ఆ బృందంలో రాసింది చదువుకున్నవాళ్లే. కంప్యూటర్ ఉన్నవాళ్లు కంప్యూటర్ ఉన్నవాళ్లతోనే మాట్లాడుకున్నారు. అడవిలో ఉన్నవాడికి ఫోన్ ఉంది, కంప్యూటర్ లేదు. మాట ఉంది, రాత లేదు. రేడియో పెడదామంటే మన దేశంలో ప్రైవేటు ఎఫ్.ఎం.కు గానీ, కమ్యూనిటీ రేడియోకు గానీ సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు. చౌధరి ఈ చిక్కును బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో పనిచేసే బిల్ థీస్ వంటి శాస్త్రవేత్తలతో కలిసి విప్పారు. 2010 ఫిబ్రవరిలో ‘సీజీనెట్ స్వర’ మొదలైంది.

అది పనిచేసే తీరు మన ఊళ్లో ఎవరికైనా రెండు నిమిషాల్లో చెప్పవచ్చు. ఒక మామూలు ఫోన్ నంబరు ఉంటుంది. బటన్ల ఫోన్ చాలు, నెట్ అక్కర్లేదు. ఫోన్ చేస్తే ఒక గొంతు పలుకుతుంది: మీ మాట రికార్డు చేయాలంటే 1 నొక్కండి, ఇతరుల మాటలు వినాలంటే 2 నొక్కండి. తర్వాతి కాలంలో మిస్డ్ కాల్ ఇస్తే సర్వరే తిరిగి ఫోన్ చేసే ఏర్పాటు వచ్చింది. అంటే మాట్లాడినవాడి జేబు నుంచి ఒక్క రూపాయి పోదు. కొద్ది నిమిషాల్లో అతను తన పేరు, ఊరు, సమస్య చెప్తాడు. గోండీలోనో, హిందీలోనో, తనకు వచ్చిన భాషలోనో. ఆ మాటను సంపాదక బృందం వింటుంది, నిజానిజాలు విచారిస్తుంది, తర్వాత ఫోన్ వ్యవస్థలోనూ వెబ్‌సైట్‌లోనూ పెడుతుంది. వెబ్‌సైట్‌లో ఆ మాట కింద నాలుగు వాక్యాల సారాంశం కూడా రాస్తారు.

ఇక్కడి నుంచి ఆన్‌లైన్ సమాజం పని మొదలవుతుంది. ఫిర్యాదు చెప్పినవాడు చివర్లో ఆ పని చూడవలసిన అధికారి హోదా, ఫోన్ నంబరు కూడా చెప్తాడు. ‘విన్నవాళ్లు దయచేసి ఈ నంబరుకు ఫోన్ చేసి అడగండి’ అంటాడు. ఎక్కడో నగరంలో కూర్చుని వెబ్‌సైట్ చూసిన ఒక ఉద్యోగి, ఒక విద్యార్థి, ఒక రిటైర్డ్ మాస్టారు ఆ అధికారికి ఫోన్ చేస్తారు. ఫలానా ఊళ్లో ఉపాధి హామీ కూలి నెలల తరబడి రాలేదట, ఏమైంది సార్ అని అడుగుతారు. ఒకరు అడిగితే పట్టించుకోకపోవచ్చు. ముక్కూ మొహం తెలియని పదిమంది వేర్వేరు ఊళ్ల నుంచి అదే మాట అడిగితే ఫైలు కదులుతుంది. పని జరిగాక ఆ ఊరి మనిషే మళ్లీ ఫోన్ చేసి రికార్డు చేస్తాడు: బోరింగు బాగైంది, రేషన్ వచ్చింది, కూలి పడింది, ఫోన్ చేసిన అందరికీ ధన్యవాదాలు. అది కూడా వెబ్‌సైట్‌లోకి ఎక్కుతుంది. ఈ రెండో ఫోన్ లేకపోతే అడిగినవాళ్లకు తమ పని ఫలించిందో లేదో తెలియదు. అది వినే తర్వాతి ఊరివాడు తన ఫోన్ తీస్తాడు.

ఆలోచించి చూస్తే ఇది కేస్లాపూర్ దర్బారే. కష్టం చెప్పేవాడు సొంత గొంతుతో చెప్తున్నాడు. అందరూ వింటున్నారు. అందరూ విన్నారు కాబట్టి అధికారి తప్పించుకోలేడు. తేడా ఏమిటంటే ఈ దర్బారు ఏడాది పొడుగునా నడుస్తుంది, మిస్డ్ కాల్ ఇస్తే మన గుమ్మం దగ్గరికే వస్తుంది. ఈ కృషికి 2014లో లండన్‌లోని ఇండెక్స్ ఆన్ సెన్సార్‌షిప్ సంస్థ డిజిటల్ రంగంలో తన పురస్కారాన్ని చౌధరికి ఇచ్చింది. నిజానికి ఆ గౌరవంలో సగం ఫోన్ పట్టుకుని మొదటిసారి తన పేరు చెప్పుకున్న ఊరి మనుషులది.

సిగ్నల్ లేని చోట బుల్టూ రేడియో

ఫోన్ ఉన్నా సిగ్నల్ లేని ఊళ్ల సంగతేమిటి? ఈ ప్రశ్నకు 2015 తర్వాత ఒక జవాబు వెతికారు. దాని పేరు బుల్టూ రేడియో. బ్లూటూత్ అనే మాట ఊరి నోట్లో పడి బుల్టూ అయింది. పాటలు, వార్తలు, ఫిర్యాదులు కలిపి ఒక కార్యక్రమం తయారుచేసి వెబ్‌లో పెడతారు. నెట్ ఉన్న చోటికి వెళ్లిన ఒక మనిషి దాన్ని ఫోన్‌లోకి దింపుకుంటాడు. సంతకు వచ్చినవాళ్లకు బ్లూటూత్ ద్వారా ఇస్తాడు. వాళ్లు ఊరికి వెళ్లి పదిమందికి ఇస్తారు. తిరుగు దారిలో ఊరి మాటలు కూడా అలాగే బయటికి వస్తాయి.

సంత మనకు ఎప్పుడూ వార్తల కేంద్రమే. పెళ్లి సంబంధం కబురు, చావు కబురు, పండగ తేదీ అన్నీ సంతలోనే తెలిసేవి. కొత్త సాంకేతికత మన పాత దారినే పట్టుకుని నడిచింది కాబట్టే జనానికి వింతగా అనిపించలేదు. సేవ చేయాలనుకునే సంస్థలు మన ఊళ్లకు యాప్ తెచ్చే ముందు ఆ ఊళ్లో కబురు ఏ దారిన నడుస్తుందో చూసుకోవాలని ఇది నేర్పుతుంది.

మాటల సేవ: గోండీ నిఘంటువు

స్వర నడుస్తున్న కొద్దీ ఇంకో చిక్కు బయటపడింది. గోండీలో చెప్పిన ఫిర్యాదును అర్థం చేసుకునేవాళ్లు బృందంలో తక్కువ. పైగా ఒక ప్రాంతపు గోండీ మరో ప్రాంతానికి సరిగా అందదు. మన వైపు తెలుగు, మరాఠీ మాటలు కలిశాయి. అటు హిందీ, ఛత్తీస్‌గఢీ, ఒడియా కలిశాయి. ఇల్లు అనే చిన్న మాటే చూడండి. ఒక చోట ‘రోన్’, మరో చోట ‘లోన్’. 2011 జనాభా లెక్కల్లో గోండీ మాతృభాష అని చెప్పినవాళ్లు సుమారు 29.8 లక్షలు. గోండులుగా నమోదైనవాళ్లు కోటికి పైనే. అంటే నలుగురు గోండుల్లో ఒకరికి మించి భాష మిగల్లేదు. ఆ మిగిలినవాళ్లు కూడా ఆరేడు రాష్ట్రాల్లో చెదిరి ఉన్నారు.

అందుకే 2014 నుంచి తెలంగాణ సహా పలు రాష్ట్రాల గోండు పెద్దలు, ఉపాధ్యాయులు, యువకులు వరుసగా కలిసి కూర్చున్నారు. ఒక్కో మాట తీసుకుని మీ దగ్గర ఏమంటారు, మా దగ్గర ఏమంటారు అని చర్చించి, అందరికీ పనికొచ్చే ప్రామాణిక నిఘంటువు సిద్ధం చేశారు. 2018లో కర్ణాటకలోని హంపి కన్నడ విశ్వవిద్యాలయంలో ఆ పని ఒక కొలిక్కి వచ్చింది. మూడు వేలకు పైగా మాటలు చేరాయి. మాట అందరిదీ కాబట్టి ఏ రాష్ట్రపు మాటకు పెద్దపీట వేయాలన్న వాదనలు సహజం. ఆ వాదనలు గోండీలోనే జరిగాయి. అంతకన్నా కావలసిందేముంది!

ఆ తర్వాత ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్ పనికొచ్చింది. 2015లో మొదలైన ఈ వేదికలో పిల్లల కథల పుస్తకాలను ఎవరైనా తమ భాషలోకి మార్చి ఉచితంగా పెట్టవచ్చు. గోండు వాలంటీర్లు ఒక చోట కూర్చుని వందల కథలను గోండీలోకి తెచ్చారు. ఆ వాక్యాలే తర్వాత మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్లు గోండీ యంత్రానువాదం మీద చేసిన పరిశోధనకు ముడిసరుకయ్యాయి. గోండీ రాతను చదివి వినిపించే ‘ఆదివాసీ రేడియో’ యాప్ కూడా వచ్చింది. 2025లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ‘ఆది వాణి’ అనే అనువాద యాప్‌ను తెచ్చింది. అందులో గోండీ, సంతాలీ, ముండారీ, భీలీ భాషలు ఉన్నాయి. ఇలాంటి యంత్రాలన్నిటికీ అడుగున ఉండేది ఎవరో ఒక మనిషి పలికిన మాట, రాసిన వాక్యం. ఆ మనిషి మనలో ఒకరు కాకపోతే యంత్రం నేర్చుకునే గోండీ మనది కాదు.

గుంజాల రాతప్రతులు తెర మీదికి

మన ఆదిలాబాద్ వాటా ఈ కథలో చిన్నదేమీ కాదు. నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో గోండీ సొంత లిపిలో రాసిన పాత ప్రతులు ఉన్నాయని ఆచార్య జయధీర్ తిరుమలరావు గారి బృందం లోకానికి చాటింది. ఆ ఊరి పెద్దలు ఆ రాతను మరిచిపోకుండా దాచి ఉంచారు కాబట్టే ఆ లిపి దొరికింది. తర్వాత ఫాంటు తయారైంది, వాచకాలు వచ్చాయి, కొన్ని బడుల్లో నేర్పే ప్రయత్నాలు జరిగాయి.

అయితే ఫాంటు ఒక్కటే ఉంటే సరిపోదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలు పిచ్చి గుర్తులుగా మారిపోతాయి. ప్రపంచంలో ఏ ఫోన్‌లో తెరిచినా అదే అక్షరం కనిపించాలంటే ఆ అక్షరానికి యూనికోడ్‌లో ఒక శాశ్వత సంఖ్య ఉండాలి. తెలుగు లిపికి ఆ చోటు 1991లోనే మొదటి యూనికోడ్‌లో దొరికింది. గోండీ ఆగవలసి వచ్చింది. అంశుమన్ పాండే అనే పరిశోధకుడు పట్టుబట్టి ప్రతిపాదనలు రాశారు. 1918లో బాలాఘాట్ ప్రాంతంలో మున్షీ మంగళ్ సింగ్ మసరం రూపొందించిన మసరం గోండీ లిపి 2017 జూన్‌లో యూనికోడ్‌లో చేరింది. మన గుంజాల గోండీ లిపి 2018 జూన్‌లో 63 గుర్తులతో చేరింది. ఈ రోజు గూగుల్ నోటో ఫాంట్లలో గుంజాల గోండీకి ఉచిత ఫాంటు ఉంది. ఒక్క అక్షరాన్ని వెబ్‌లో నిలబెట్టడానికి ఇంతమంది ఏ లాభం చూసుకోకుండా పనిచేశారు. ఇది అన్నదానం కంటే తక్కువ దానమని నేను అనుకోను.

కానీ లిపి చేరగానే పని అయిపోయినట్టు కాదు. సంతాల్ సోదరులను చూసి నేర్చుకోవాలి. పండిత్ రఘునాథ్ ముర్ము 1925లో రూపొందించిన ఓల్ చికి లిపి 2008లో యూనికోడ్‌లోకి వచ్చింది. సంతాలీ వికీపీడియా 2018 ఆగస్టులో తెరుచుకుంది. ఈ రెండింటి మధ్య పదేళ్లు. ఆ మధ్య కాలంలో జార్ఖండ్, ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్‌లోని సంతాల్ యువకులు రాత్రిళ్లు కూర్చుని వ్యాసాలు రాశారు. జీతం లేదు, పేరు లేదు. మన లిపి చేరి కూడా ఏళ్లు గడిచాయి. మన వ్యాసాలు ఎక్కడ?

ఫోన్ అందని దారి

ఇన్ని మంచి మాటలు చెప్పాక ఒక బరువైన మాట చెప్పకపోతే ఈ చరిత్ర అబద్ధమవుతుంది.

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ, మన ములుగు జిల్లాలో మిరప తోటల్లో కూలికి వచ్చిన ఛత్తీస్‌గఢ్ ఆదివాసీలు అడవి దారిన ఇంటికి నడిచారు. వారిలో పన్నెండేళ్ల బాలిక ఒకతె. మూడు రోజులు నడిచి, ఇంటికి ఇంకా కొద్ది దూరం ఉండగా ప్రాణం విడిచింది. ఆ గుంపులో ఒక్కరి దగ్గరే ఫోన్ ఉందని, దాని ఛార్జింగు కూడా అయిపోయిందని అప్పటి పత్రికలు రాశాయి.

అదే రోజుల్లో దేశమంతటా సాయం చేసే చేతులు లేవని కాదు. చిక్కుపడిన కూలీల కోసం స్వాన్ అనే వాలంటీర్ల బృందం 2020 మార్చి చివర్లోనే పని మొదలుపెట్టింది. కూలీలు ఫోన్ చేస్తే వాళ్ల పరిస్థితి రాసుకుని, రేషన్ ఇప్పించేవారు, అవసరమైతే బ్యాంకు ఖాతాకు కొంత డబ్బు పంపేవారు. ఫోన్ చేయగలిగినవాళ్లలో ఎంతోమందికి అది ఆసరా అయింది. ఫోన్ చేయలేని వాళ్లకు? ఆ నంబరు ఒకటుందని తెలియని వాళ్లకు? మిరప తోటకు పోయే కూలీకి మేస్త్రీ నంబరు తప్ప ఇంకో నంబరు తెలియకపోతే ఎంత పెద్ద ఆన్‌లైన్ సమాజం ఉన్నా అతనికి లేనట్టే.

స్వరకు కూడా ఇబ్బందులు లేకపోలేదు. పేరు చెప్పి ఫిర్యాదు చేస్తే ఊళ్లో పెద్దవాళ్లతో, కింది స్థాయి ఉద్యోగులతో తగువు వస్తుంది. తుపాకుల మధ్య బతికే ఊళ్లలో నోరు విప్పడమే ప్రమాదం. అబద్ధపు ఫిర్యాదు వస్తే పట్టుకునేవాళ్లు ఉండాలి. సర్వరుకు, జీతాలకు డబ్బు కావాలి, అది బయటి నిధుల మీద ఆధారపడి ఉంటుంది. నిధి ఆగితే దర్బారు ఆగుతుంది. ఇవి తెలుసుకునే మనం ముందుకు పోవాలి.

మన చేతిలో ఉన్న పని

ఈ చరిత్ర చదివి ‘ఎవరో గొప్పవాళ్లు చేశారు’ అని పక్కన పెడితే లాభం లేదు. మన యువకుల చేతుల్లో ఇప్పుడున్న ఫోన్లు 2010 నాటి సర్వరు గది కంటే తక్కువవేమీ కావు. నాలుగు పనులు మన అందుబాటులోనే ఉన్నాయి.

మొదటిది, మన ఊరికి బయటి నుంచి కూలికి వచ్చిన ప్రతి ఆదివాసీ కుటుంబం దగ్గర మనలో ఒకరి నంబరు ఉండాలి. వాళ్లను గుత్తికోయలని పిలిచి దూరం పెట్టడం మనకు తగదు. వాళ్ల మాటకు, మన మాటకు వేరు ఒక్కటే.

రెండోది, రాయ్ సెంటర్‌లో కూర్చున్నప్పుడు చెప్పుకున్న కష్టాల్లో అధికారి దాకా పోవలసినవి ఏవో గుర్తించి, అనుమతి తీసుకుని, ఆ మనిషి గొంతులోనే రికార్డు చేసి, చదువుకున్న మన ఉద్యోగులకు పంపాలి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న మన పిల్లలు ఆ అధికారికి మర్యాదగా ఒక ఫోన్ చేయాలి. పని అయ్యాక ఆ కబురు తిరిగి ఊరికి, విన్నవాళ్లకు చేరాలి. ఇందుకు పెద్ద సంస్థ అక్కర్లేదు, ఒక వాట్సాప్ గ్రూపు, ఒక నోటు పుస్తకం చాలు.

మూడోది, పర్ధాన్, తోటి పెద్దల దగ్గర ఇంకా మిగిలిన కథలను వాళ్ల పేరుతో, వాళ్ల ఇష్టంతో రికార్డు చేసి దాచాలి. వెబ్‌లో పెట్టడం తర్వాతి సంగతి. ఏది అందరికీ వినిపించాలో, ఏది దేవుడి ముందే పలకాలో చెప్పవలసింది ఆ పెద్దలే. వాళ్ల కథ వల్ల ఒక రూపాయి వస్తే అది ముందు వాళ్ల ఇంటికే పోవాలి. మన తాతలు ధాన్యం కొలిచి ఇచ్చింది ఇందుకే.

నాలుగోది, వారానికి ఒక గంట. గుంజాల లిపి నేర్చుకున్నవాళ్లు ఆ లిపిలో, రానివాళ్లు తెలుగు లిపిలోనే గోండీలో ఒక పేజీ రాయాలి. మన ఊరి పేరు ఎలా వచ్చింది, మన వాగు ఎక్కడ పుట్టింది, మన జాతరలో ఏం జరుగుతుంది. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో మన గూడెం పేరు ఉందో లేదో చూసి, లేకపోతే పెట్టాలి. రేపు వరద వస్తే, అంబులెన్సు రావాలంటే, దారి చూపేది ఆ చుక్కే.

ఫొటో తీసి పెట్టకుండా చేసే సాయం కొంచెం కష్టం. ఇచ్చినవాడి పేరు కనిపించదు. మన పెద్దలు ఇల్లు కట్టే చోట చేయి వేసినప్పుడు మాత్రం ఎవరి పేరు కనిపించింది? కష్టంలో ఉన్న మనిషి తన మాట తానే చెప్పుకునేలా చూడటం, విన్నది మరిచిపోకుండా పని పూర్తయ్యే దాకా వెంటపడటం, పూర్తయ్యాక తిరిగి కబురు చెప్పడం. కేస్లాపూర్‌లో మొదలై మిస్డ్ కాల్ దాకా వచ్చిన ఈ దారిలో మనకు దొరికిన పాఠం ఇదే. ఫోన్ ఎత్తగానే అనే ‘జై సేవా’ ఆ ఫోన్ పెట్టేసిన తర్వాత కూడా నిలబడాలి.

జై సేవా. జై గోండ్వానా.